గీట్‌హోర్న్‌కి ఒక్కరోజు ప్రయాణం: బయల్దేరడం నుంచి తిరుగు బస్సు దాకా

నెదర్లాండ్స్‌కి చుట్టపుచూపుగా వచ్చే మనవాళ్లు ఆమ్‌స్టర్‌డామ్ తర్వాత ఎక్కువగా అడిగే ఊరు ఇదే. ఫోన్‌లో ఫొటో చూపించి, "రోడ్లే లేని ఊరట, ఇంటి ముందు కాలువలట, అక్కడికి తీసుకెళ్తావా?" అంటారు. ఆ ఊరు గీట్‌హోర్న్. ఆమ్‌స్టర్‌డామ్‌కి ఈశాన్యంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, ఓవరైసెల్ ప్రావిన్సులో ఉంటుంది. జనాభా మూడు వేల లోపే. ఊరి పేరులో మొదటి అక్షరాన్ని డచ్ వాళ్లు గొంతులోంచి, ఇంచుమించు మన ‘ఖ’లా పలుకుతారు. బస్సు డ్రైవర్‌ని అడిగేటప్పుడు ‘ఖీట్‌హోర్న్’ అంటే వెంటనే అర్థమవుతుంది.

ఆరేళ్లుగా ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉంటున్నాను. ఇంటికొచ్చిన వాళ్లతో ఈ ఊరికి చాలాసార్లు వెళ్లాను. గైడ్‌తో టూర్ బస్సులో వెళ్లాను, రైల్లో సొంతంగానూ వెళ్లాను. మొదటిసారి వెళ్తున్నవాళ్లకి, ముఖ్యంగా అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లకి పనికొచ్చేలా వరసగా రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది: ఊళ్లో ఎన్ని గంటలు?

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి గీట్‌హోర్న్‌కి గైడెడ్ టూర్లు రోజూ ఉంటాయి. పెద్ద బస్సులూ ఉన్నాయి, ఎనిమిది మందిని ఎక్కించుకునే వ్యాన్లూ ఉన్నాయి. మొత్తం ప్రయాణం ఎనిమిది, తొమ్మిది గంటలు అని రాస్తారు. ఆ అంకె చూసి బుక్ చేయకండి. అందులో రానూపోనూ మూడు గంటలకు పైగా బస్సులోనే గడుస్తుంది. మధ్యలో చీజ్ దుకాణం దగ్గర ఆపితే ఇంకో ముప్పావు గంట పోతుంది.

మా అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు నేను చేసిన తప్పు ఇదే. రెండు చోట్లు ఒకే రోజులో చూపిస్తామన్న టూర్ బుక్ చేశాను. దారిలో ట్రాఫిక్ తగిలింది. ఊళ్లో మాకు మిగిలింది గంటా ఇరవై నిమిషాలు. అందులో యాభై నిమిషాలు పడవలోనే అయిపోయాయి. అమ్మ ఒక వంతెన మీద నిలబడి ఫొటో దిగింది, అంతలోనే బస్సు దగ్గరికి రమ్మన్నారు. ఇంతదూరం వచ్చి ఊరు చూడలేదే అని తిరుగు దారంతా బాధపడ్డాను.

అందుకని డబ్బు కట్టే ముందు టూర్ వాళ్లని ఈ నాలుగూ అడగండి:

- బస్సు దిగిన దగ్గర్నుంచి మళ్లీ ఎక్కేదాకా ఊళ్లో కచ్చితంగా ఎంతసేపు?
- పడవ టికెట్ ధరలోనే కలిసి ఉందా? పైన కప్పు ఉన్న పెద్ద పడవా, చిన్నదా?
- గైడ్ మనతో ఊళ్లోకి నడిచి వస్తారా, లేక బస్సులో మైకు పట్టుకుని చెప్పడంతో సరా?
- వేరే ఊరు ఏదైనా కలిపారా?

మూడు గంటల కన్నా తక్కువ దొరికితే ఆ టూర్ వద్దు. నాలుగు గంటలు ఇచ్చేది, చిన్న వ్యాన్‌లో తీసుకెళ్లేది దొరికితే కొంచెం ఖర్చెక్కువైనా దానికే వెళ్లండి. ఆఫ్‌స్లౌట్‌డైక్ కట్ట మీదుగా తీసుకెళ్లే టూర్లు కొన్ని ఉంటాయి. 32 కిలోమీటర్ల పొడవున్న ఆ కట్ట 1932లో పూర్తయింది. జౌడర్‌జీ అనే సముద్రపు పాయని మూసేసి మంచినీటి సరస్సుగా మార్చింది. చూడదగ్గదే, కానీ అటు వెళ్తే దారి చుట్టు అవుతుంది. మీకు ఊరు ముఖ్యమా, కట్ట ముఖ్యమా తేల్చుకోండి.

ఏ నెల, ఏ వారం, ఏ గంట

మే, జూన్, సెప్టెంబర్ నా లెక్కలో మంచి నెలలు. తులిప్ పూల కోసం ఏప్రిల్‌లో వచ్చేవాళ్లంతా గీట్‌హోర్న్ కూడా కలుపుకుంటారు, అందుకే అప్పుడు రద్దీ. జులై, ఆగస్టుల్లో శని, ఆదివారాలు కాలువలో పడవకి పడవ తగులుతూ ఉంటుంది. మంగళ, బుధవారాల్లో వెళ్లగలిగితే వెళ్లండి.

టూర్ బస్సులు చాలావరకు పదకొండు తర్వాత వచ్చి నాలుగింటికల్లా వెళ్లిపోతాయి. పదింటికి ముందు, నాలుగు తర్వాత ఊరు వేరేలా ఉంటుంది. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి సొంతంగా వెళ్లేవాళ్లకి సాయంత్రం మొత్తం చేతిలో ఉన్నట్టే. డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి పడుతుంది, చాలా కొట్లు మూసి ఉంటాయి.

కాగితాలు, సంచి

ఇండియా నుంచి వచ్చేవాళ్లకి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు. ముప్పై వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. నాలుగైదు దేశాలు తిరిగేవాళ్లు ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి.

సంచిలో గొడుగు వద్దు, గాలికి నిలవదు. టోపీ ఉన్న రెయిన్‌కోటు పెట్టుకోండి. మే నెలలో కూడా నీళ్ల మీద చలి కొడుతుంది, ఒక స్వెటర్ ఉండాలి. చెక్క వంతెనలు వానకి జారతాయి, కాబట్టి పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. టాయిలెట్‌కి చాలా చోట్ల డబ్బులు తీసుకుంటారు, చిల్లర ఉంచుకోండి. ఖాళీ సీసా తెచ్చుకుంటే చాలు, కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు.

దారిలో నిద్రపోకండి

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఏ6 హైవే మీద వెళ్లే బస్సయితే ఆల్మేర, లేలిస్టాడ్, ఎమ్మెలోర్ట్ మీదుగా పోతుంది. బయట చూస్తే పొలాలు, గాలిమరలు, తిన్నటి రోడ్లు తప్ప ఏమీ ఉండవు. చాలామంది ఇక్కడే కునుకు తీస్తారు. కానీ మీ బస్సు పోతున్నది ఒకప్పటి సముద్రపు అడుగు మీద. జౌడర్‌జీని మూసేశాక అందులో కొంత మేరకి చుట్టూ గట్లు కట్టి, నీళ్లు తోడేసి నేలని పైకి తీశారు. ఇలాంటి నేలని ‘పోల్డర్’ అంటారు. ఎమ్మెలోర్ట్ ఉన్న పోల్డర్ 1942లో ఆరింది, లేలిస్టాడ్ వైపుది 1957లో, ఆల్మేర వైపుది 1968లో. ఈ పథకం వేసిన ఇంజనీరు కార్నేలిస్ లేలీ పేరు మీదే లేలిస్టాడ్ వెలిసింది. పొలం దున్నుతుంటే మునిగిపోయిన పాత ఓడలు బయటపడిన నేల ఇది.

ఎమ్మెలోర్ట్ దగ్గర స్ఖోక్‌లాండ్ అనే చోటు ఉంది. ఒకప్పుడు అది దీవి. సముద్రం కోసేస్తూ ఉంటే తట్టుకోలేక 1859లో జనాన్ని ఖాళీ చేయించారు. ఇప్పుడు దాని చుట్టూ నీళ్లు లేవు, బంగాళాదుంప చేలున్నాయి. 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. బస్సు ఆగకపోయినా గైడ్‌ని అడిగితే ఎటువైపో చూపిస్తారు.

ఈ దారి చూశాక గీట్‌హోర్న్‌కి వెళ్తే ఒక తేడా తెలుస్తుంది. ఇక్కడ మనుషులు నీళ్లు తోడి నేల సంపాదించారు. అక్కడ నేల తోడి నీళ్లు తెచ్చుకున్నారు, అదీ కోరుకోకుండానే.

దిగగానే గైడ్‌తో ఈ కథ చెప్పించుకోండి

గీట్‌హోర్న్ కాలువలు అందం కోసం తవ్వినవి కావు. పడవల కోసం మొదలైనవీ కావు. ఇదంతా పీట్ నేల. గడ్డి, నాచు, ఆకులు వేల ఏళ్లు నీళ్లలో నాని, పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న నల్లటి పొర అది. ఆరబెడితే బొగ్గులా మండుతుంది. అడవులు తక్కువున్న ఈ దేశంలో వంటకీ, చలికాచుకోవడానికీ, ఇటుక బట్టీలకీ శతాబ్దాల పాటు ఇదే వంటచెరుకు.

తవ్వే పద్ధతి ఇలా ఉండేది. పొడవాటి కర్ర చివర ఇనుప చట్రం, దానికో వల. దాన్ని నీళ్లలోకి దించి అడుగున ఉన్న పీట్ బురదని తోడి, కలిపి, పక్కనే వదిలిన సన్నటి నేల పట్టీ మీద పరిచేవాళ్లు. కాళ్లకి చెక్కపలకలు కట్టుకుని తొక్కి గట్టిపరిచేవాళ్లు. కాస్త ఆరాక ఇటుకల్లా కోసి, గాలి ఆడేలా పేర్చి, ఎండాక పడవల్లో పట్నాలకి పంపేవాళ్లు. మన పల్లెల్లో మట్టి తొక్కి ఇటుకలు కోయడం చూసినవాళ్లకి ఈ పని వెంటనే కళ్లకి కడుతుంది.

తవ్విన గాడిని ‘వేర్’ అన్నారు, ఆరబెట్టే పట్టీని ‘రిబ్’ అన్నారు. పక్కనున్న జాతీయ పార్కు పేరు వేర్‌రిబ్బెన్-వీడెన్ అందులోంచే వచ్చింది. ఆశకొద్దీ గాడి వెడల్పు పెంచుతూ, పట్టీని సన్నం చేస్తూ పోయారు. తుపాను వచ్చినప్పుడు ఆ పట్టీలు నిలవలేదు. గాడులన్నీ కలిసిపోయి సరస్సులయ్యాయి. 1776 వరదలో పక్కనున్న బ్యోలాకె అనే ఊరు నాశనమైంది. ఆ చోట ఉన్న సరస్సుకి ఇప్పటికీ ఆ ఊరి పేరే. 1825లో మళ్లీ పెద్ద వరద వచ్చింది.

ఇది ముందే విని ఉంటే కాలువ అంచున నిలబడినప్పుడు కంటికి కనిపించేది మారిపోతుంది. ఆ నీళ్లున్న చోటల్లా ఒకరి నడుం విరిగేంత పని జరిగింది. అందుకే గైడ్ తొందరపడి "ఇక్కడ 170కి పైగా వంతెనలున్నాయి, ఫొటోలు తీసుకోండి" అని వదిలేస్తే ఊరుకోకండి. పీట్ గురించి చెప్పమనండి. మంచి గైడ్ అయితే సంతోషంగా చెబుతారు.

ఊరి పేరుకీ ఒక కథ ఉంది. ‘గైట్’ అంటే మేక, ‘హోర్న్’ అంటే కొమ్ము. మొదట వచ్చి స్థిరపడినవాళ్లకి నేలలో మేక కొమ్ములు దొరికాయని, 1170 వరదలో చనిపోయిన మేకలవి అని చెబుతారు.

పడవ: పెద్దదా, సొంతంగా నడిపేదా?

గైడ్‌తో వెళ్లే పెద్ద పడవ దాదాపు గంటసేపు తిప్పుతుంది. పైన అద్దాల కప్పు ఉంటుంది, వాన వచ్చినా ఇబ్బంది లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి, చంటిపిల్లల తల్లులకి ఇదే మంచిది. ఊరి కాలువలోంచి బోవెన్‌వైడె సరస్సులోకి తీసుకెళ్లి మళ్లీ వెనక్కి తెస్తారు. ఆ సరస్సు లోతు మీటరు అటూఇటూగా ఉంటుంది. పీట్ తీసిన మేరకే లోతన్నమాట.

టైమ్ ఉంటే రెండోసారి చిన్న ఎలక్ట్రిక్ పడవ అద్దెకి తీసుకోండి. ‘ఫ్లౌస్టర్‌బోట్’ అంటారు, గుసగుస పడవ అని అర్థం. మోటారు చప్పుడే ఉండదు. లైసెన్సు అక్కర్లేదు. ఊరూ సరస్సూ కలిపి చూడాలంటే రెండు గంటలకి తీసుకోవడం నయం, గంటకి తీసుకుంటే వెనక్కి ఇవ్వాలన్న టెన్షన్‌తోనే సరిపోతుంది. డిపాజిట్ ఎంతో, గుర్తింపు కార్డు కావాలో ముందే అడగండి. పిల్లలకి లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి, వాళ్లంతట వాళ్లు ఇచ్చేదాకా ఆగకండి.

నడపడం పది నిమిషాల్లో వస్తుంది. కానీ కారు నడిపే చేతికి మొదట కొంచెం తికమకగా ఉంటుంది. పడవకి బ్రేకు లేదు, ఆపాలంటే రివర్స్ వేయాలి. వంతెనకి ఐదారు మీటర్ల ముందే వేగం తగ్గించాలి. స్టీరింగ్ చక్రం ఉన్న పడవైతే కారులాగే తిప్పొచ్చు. చుక్కాని కర్ర ఉన్నదైతే కర్రని ఎడమకి తోస్తే పడవ కుడికి పోతుంది. ఇంకొకటి, పడవ తిరిగేటప్పుడు ముందు భాగం కుడికి పోతే వెనక భాగం ఎడమకి జరుగుతుంది. చాలామంది ముందుకే చూస్తూ వెనక భాగాన్ని ఒడ్డుకి కొట్టిస్తారు. ఒకరిని వెనక కూర్చోబెట్టి చూస్తూ ఉండమనండి.

ఎప్పుడూ కుడివైపు ఉండాలి. మనకి ఎడమ అలవాటు కాబట్టి ఎదురుగా పడవ వస్తే చెయ్యి తనంతట తనే ఎడమకి పోతుంది, జాగ్రత్త. కాలువలో గంటకి 6 కిలోమీటర్లు దాటకూడదు. ఒన్‌వే బోర్డు కనిపిస్తే పాటించండి. వంతెన కిందికి వెళ్లేటప్పుడు చేతులు లోపల, తలలు కిందికి. పడవని ఒడ్డుకి చేత్తో తోయాలని చూస్తే వేళ్లు నలుగుతాయి. ఇది పిల్లలకి ముందే చెప్పాలి.

గాలి ఎక్కువగా ఉన్న రోజు సరస్సు మధ్యలోకి వెళ్లకండి. అడుగు చదునుగా ఉండే ఈ పడవలని గాలి పక్కకి నెట్టేస్తుంది. ఒకసారి మా పడవ అలాగే వెళ్లి రెల్లులో దిగబడింది. నాన్న పడవలో ఉన్న పొడవాటి కర్ర తీసుకుని అడుగుకి ఆనించి ఒక్క తోపు తోశారు. పడవ బయటికొచ్చింది. "మన గెడేగా ఇది" అన్నారు. ఆయనది పాలకొల్లు. చిన్నప్పుడు నరసాపురం కాలువలో గెడ వేసి పడవ నడిపేవాళ్లని చూస్తూ పెరిగారు.

నిజంగానే ఇక్కడి పాత పడవకి పని చేసేది గెడే. ‘పుంటర్’ అనే సన్నటి చెక్క పడవ, చివర నిలబడి కర్రతో తోస్తారు. గడ్డినీ ఆవుల్నీ మోయడానికి ‘బోక్’ అనే పెద్ద పడవలుండేవి. పెళ్లివారూ పడవలోనే, శవయాత్రా పడవలోనే. వంతెనలు అంత ఎత్తుగా వంపు తిరిగి ఉండేది కూడా గడ్డి మోపులతో పడవ కింద నుంచి పోవాలనే. అన్నట్టు, 17వ శతాబ్దంలో డచ్ వర్తకులు పాలకొల్లులోనూ, మచిలీపట్నంలోనూ బట్టల వ్యాపారం పెట్టుకున్నారు. ఆ సంగతి నాన్న అక్కడ పడవలోనే గుర్తు చేశారు.

నడిచేటప్పుడు ఏం చూడాలి

ఊరి పొడవునా ప్రధాన కాలువ పక్కనే బిన్నెన్‌పాడ్ అనే కాలిబాట ఉంటుంది. జనమంతా నడిమధ్యనే ఆగిపోతారు. మీరు పావుగంట అదనంగా నడిచి ఉత్తరం చివరికి వెళ్లండి, మనుషులు పలచబడతారు. బాగా టైమ్ ఉంటే పడమటి వైపున్న ద్వార్స్‌ఖ్రాఖ్ట్ అనే చిన్న ఊరికి పడవ మీద వెళ్లి చూడండి. అదే కాలువలు, అదే కప్పులు, సందడి మాత్రం ఉండదు.

ఇళ్ల కప్పుల్ని ఆగి చూడండి. దట్టంగా పేర్చిన రెల్లు, అంచు చూస్తే ఒక్కో పుల్లా కత్తిరించినట్టు సమానంగా ఉంటుంది, చెయ్యి పెడితే గరుగ్గా తగులుతుంది. కొల్లేరు పక్క వాళ్లు కిక్కిస అనేదీ ఇదీ దగ్గరి జాతుల గడ్డే. చలికాలంలో, ఆకు రాలి కాడ ఎండాక, సరస్సు అంచుల్లో కోస్తారు. కొన్ని ఇళ్లకి కప్పు ముందు పల్లంగా, వెనక ఎత్తుగా, ఒంటె మూపురంలా ఉంటుంది. డచ్ వాళ్లూ వాటిని ఒంటె ఇళ్లనే అంటారు. కాలువల మధ్య సన్నటి దీవి మీద పక్కకి పెంచే చోటు లేక, గడ్డి దాచే కొట్టాన్ని పైకి పెంచుకున్నారు.

ఓల్డె మాట్ ఊస్ అనే మ్యూజియం తప్పకుండా చూడండి. పాత రైతు ఇంటినే మ్యూజియం చేశారు. పీట్ తోడిన పనిముట్లు, రెల్లు కోసిన కత్తులు, వాళ్ల వంటిల్లు అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. గైడ్ చెప్పిన కథ ఇక్కడ చేతికి అందేంత దగ్గరగా కనిపిస్తుంది.

పార్కు వైపు పోయే పడవ దొరికితే నీటికుక్కల గురించి అడగండి. ఈ దేశంలో అంతరించిపోయిన వాటిని 2002లో ఇక్కడే మళ్లీ వదిలారు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇవి సినిమా సెట్లు కావు, మనుషులు కాపురముంటున్న ఇళ్లు. 1958లో బెర్ట్ హాన్‌స్ట్రా తీసిన ‘ఫాన్‌ఫారె’ సినిమా షూటింగ్ ఇక్కడ జరిగిన దగ్గర్నుంచి ఊరికి జనం రాక పెరిగిపోయింది. కాలిబాట నుంచి ఇంటికి పోయే చిన్న వంతెన చాలాసార్లు ఆ ఇంటివాళ్ల సొంతం. దాని మీదెక్కి ఫొటో దిగడమంటే వాళ్ల వాకిట్లోకి వెళ్లడమే. కిటికీలకి తెరలు లేకపోయినా లోపలికి తొంగి చూడకూడదు. పచ్చిక మీద కూర్చుని డబ్బా విప్పకండి, బెంచీలున్నాయి.

తిండి

శాకాహారులకి దొరికేవి: పనెకూక్ అనే పెద్ద దోసెలాంటిది, బంగాళాదుంప ఫ్రైస్, చీజ్ పెట్టిన బ్రెడ్డు, ఆపిల్ పై. పనెకూక్ పిండిలో గుడ్డు ఉంటుంది, గుడ్డు తినని వాళ్లు గుర్తుంచుకోండి. చీజ్ విషయంలో కూడా కచ్చితంగా ఉండేవాళ్లు, పాలని విరగ్గొట్టడానికి వాడే రెన్నెట్ జంతువులదా కాదా అని అడగాలి.

‘పొఫర్చెస్’ మాత్రం తిని చూడండి. గుంటలున్న ఇనుప పెనం మీద చిన్న చిన్నగా పోసి, పుల్లతో తిప్పి, వెన్న, చక్కెర పొడి చల్లి ఇస్తారు. పెనం చూస్తే మన గుంత పొంగనాల పెనమే. మధ్యాహ్నం హోటళ్లు నిండిపోతాయి కాబట్టి పదకొండున్నరకే తినేయడమో, ఇంటి నుంచి పులిహోర తెచ్చుకోవడమో మేలు. నేనైతే పులిహోరే తీసుకెళ్తాను.

గైడ్ లేకుండా వెళ్లాలంటే

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి జ్వోలె మీదుగా స్టేన్‌వైక్ స్టేషన్‌కి రైలు. అక్కడ బయటికొస్తే బస్సు, పావుగంట, ఇరవై నిమిషాల్లో గీట్‌హోర్న్. అన్నీ కలిపి రెండు గంటల పైమాట. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డుతోనే రైలూ బస్సూ ఎక్కొచ్చు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండుసార్లూ ఆనించాలి. ఒక కార్డుతో ఒక్కరే వెళ్లగలరు. ఎక్కేటప్పుడు ఫోన్ ఆనించి దిగేటప్పుడు కార్డు ఆనిస్తే అది వేరే కార్డు కిందే లెక్క, డబ్బులు ఎక్కువ పోతాయి. నాలుగేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు.

ఆ రోజు రైళ్లు ఎలా ఉన్నాయో 9292 ఆప్‌లో పొద్దున్నే చూసుకోండి. పట్టాల మరమ్మతులు ఎక్కువగా శని, ఆదివారాల్లో పెడతారు. సాయంత్రం బస్సులు పలచబడతాయి కాబట్టి దిగగానే స్టాపులో తిరుగు బస్సుల వేళలు ఫొటో తీసి పెట్టుకోండి.

రెండోసారి అమ్మానాన్నల్ని ఇలాగే తీసుకెళ్లాను. ఏడున్నరకి బయల్దేరి పదింటికి ముందే దిగాం. ముందు పడవ, తర్వాత మ్యూజియం, తర్వాత బెంచీ మీద పులిహోర. నాలుగున్నరకి టూర్ బస్సులు వెళ్లిపోయాక మళ్లీ ఒకసారి కాలువ పొడవునా నడిచాం. ఒకాయన తన ఇంటి ముందు పుంటర్‌లో నిలబడి నీళ్లలో పడిన ఆకులు తీస్తున్నాడు. నాన్న ఆగి ఆయన చేతిలో కర్ర వంక చూశారు. ఆయన నవ్వి కర్ర ఇచ్చాడు. నాన్న దాన్ని చేతుల్లో తిప్పి, బరువు చూసి, "వెదురు కాదు, మనది తేలిక" అని నాతో చెప్పి తిరిగిచ్చేశారు. ఆరింటి బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది.